పలుగు వేయుటకు ముందు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)

  

ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామమున గ్రంథాలయము మూతపడక నడచుట సామాన్య విషయము కాదు. పత్తి ధర పడిపోయిన యేడును, కల్లములలో మిరపకాయ తడిసిన యేడును మీరు చందాలు మానలేదు. ఈ తలుపు మూయలేదు. ఇట్టి సభలో సారస్వతమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో మాటలాడుట పరిపాటి. వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనమును గూర్చియు, 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేయుటను గూర్చియు నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. నేను చెప్పబోవునది అంతకంటె క్రిందిది, నిజముగనే క్రిందిది. శంకుస్థాపన చేసిన రాయి క్రింద నుండు మట్టిని గూర్చి నేను మాటలాడెదను.

ఇందులకు కారణము కార్యదర్శిగారే. "గ్రంథాలయము ముందున్న ఖాళీస్థలమున పిల్లలు కూర్చుండి చదువుకొనుటకు చిన్న తోట వేయదలచితిమి. నేలను ఎట్లు సిద్ధము చేయవలెను?" అని వారు నన్నడిగిరి. ఈ ప్రశ్న గ్రంథాలయమునకే కాదు, మన గ్రామమున ఇల్లు కట్టుకొనుచున్న ప్రతివారికిని కావలసినది. నిన్నటివఱకు పత్తియు మిరపయు పండిన పొలములు నేడు ఇంటిస్థలము లగుచున్నవి. ఇల్లు కట్టువారు గుమ్మమునకు టేకు వెదకుదురు. గచ్చునకు రాయి ఎంచుదురు. ఇంటి చుట్టునున్న నేలను మాత్రము రెండు గంటలకు బాడుగ మాటలాడి జె.సి.బి. యంత్రమునకు అప్పగించుదురు. "మట్టిపనియే కదా!" అందురు. ఆ మాట ఎంత ఖరీదైనదో నేను అనుభవించి తెలిసికొన్నవాడను.

మొదట మన నేల స్వభావమును తెలిసికొందము. గుంటూరు, ప్రకాశము మైదానములు, అనగా 2022లో జరిగిన జిల్లాల విభజన తరువాత పల్నాడు, బాపట్ల అను పేళ్ళు గూడ చేరిన ఈ ప్రాంతము, అంతయు ఒకే మట్టి కాదు. చీరాల, బాపట్ల తీరమున ఇసుక నేలలు. పొదిలి, కనిగిరి వైపున ఎఱ్ఱ నేలలు. చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు ప్రాంతములలో మనమెఱిగిన నల్లరేగడి. పత్తికి ఇది కన్నతల్లి. ఒకసారి త్రాగిన నీటిని నెలల తరబడి కడుపులో దాచుకొని పైరునకు ఇచ్చును. ఈ గుణమునకు మూలము ఆ మట్టిలో అధికముగా నుండు మాంట్‌మోరిల్లొనైటు అను బంకఖనిజము. అది కంటికి కనబడని సన్నని రేకుల దొంతర. నీరు తగిలినప్పుడు ఆ రేకుల నడుమకు చొరబడి వాటిని ఎడము చేయును; నేల ఉబ్బును. ఎండకు ఆ నీరు పోగా రేకులు దగ్గరపడును. నేల కుంచించుకొని నెఱ్ఱెలు వాఱును. వైశాఖమాసమున మన చేలలో చేయి పట్టునంత వెడల్పున, మొలలోతున నెఱ్ఱెలు విచ్చుట చూడనివా రెవరు? పై మన్ను ఆ నెఱ్ఱెలలోనికి రాలి, వానకు మరల ఉబ్బి, నేల తనను తానే దున్నుకొనును.

రైతునకు ఉపకారము చేయు ఈ గుణమే గృహస్థునకు అపకారమగును. ఇందొక చిత్రమున్నది. రేగడి ఉబ్బుటవలన ముందుగా దెబ్బతినునది బరువైన మేడ కాదు, తేలికైన కట్టడము. ప్రహరీగోడ, మెట్లు, అరుగు, నీళ్ళతొట్టి, పరచిన నాపరాళ్ళు, పునాది లోతులేని వంటపాక, ఇవి నేలను అదిమిపట్టునంత బరువులేనివి. నేల లేచినప్పుడు లేచును, దిగినప్పుడు దిగును. కనుక పైపైన గోకెడి తేలికపాటి త్రవ్వకమే కదా యని మనము తేలికగా చూచు పనియందే ప్రమాద మెక్కువ.

మఱియొక రహస్యము. ఉబ్బుటయు కుంగుటయు ఎల్లెడల సమానముగా నున్నచో ఇల్లు రేవులోని పడవవలె లేచి దిగును. గోడకు కీడు లేదు. కాని అట్లు జరుగదు. ఇంటి నడుమ, గచ్చు క్రింద, ఎండ తగులదు, వాన తగులదు. అచటి తేమ ఏడాది పొడుగునను ఇంచుమించుగా ఒకటే. ఇంటి అంచులయందో, వేసవిలో ఎండును, వానలకు నానును. నడుమ కదలదు, మూలలు కదలును. అందుచేతనే మన ఊళ్ళలో గోడల బీటలు కిటికీ మూలనుండి ఏటవాలుగా ఇంటి మూలకు ప్రాకుచుండును. దీనినిబట్టి నేను గ్రహించిన సూత్ర మొక్కటే: రేగడి నేలలో ఇంటి చుట్టు చేయు మట్టిపని యనగా మట్టిని సవరించుట కాదు, నీటిని సవరించుట.

ఈ సూత్రము నాకు పుస్తకములో దొరకలేదు. నేను ఇల్లు కట్టుకొన్న క్రొత్తలో తూర్పుగోడ ప్రక్కనే కుళాయి పెట్టించి, గోడను ఆనుకొని కనకాంబరములు, మందారములు వేసితిని. ప్రతి సాయంకాలము నిండుగా తడిపెడివాడను. పడమటి వైపున గోడకు ఎనిమిది అడుగుల దూరమున ఒక వేపచెట్టు పెరుగుచుండెను. నాలుగవ వేసవి నాటికి గోడ రూపాయిబిళ్ళ దూరునంత బీటవాఱెను. కట్టిన మేస్త్రీని పిలిచి నానా మాటలంటిని. ప్రహరీకి పునాది తీయుటకు వచ్చిన ఒక ముసలి మట్టిపనివాడు ఆ మాటలు విని, పలుగు దించి, నాతో ఇట్లనెను: "మేస్త్రీ తప్పు కాదు బాబుగారూ. ఈ పక్క మీరు రోజూ తాగిస్తున్నారు. ఆ పక్క యాపచెట్టు తాగేస్తోంది. నడిమిట్న గోడ ఏం జేస్తది?" నేను నివ్వెఱపోతిని. చదువుకొన్న నాకు నాలుగేండ్లకు తెలియనిది ఆయన నాలుగు మాటలలో చెప్పెను. మిరప అమ్మిన సొమ్ములో సగము ఆ గోడకు తగులబెట్టితిని. మేస్త్రీకి క్షమాపణ చెప్పుటకు మాత్రము నాకు మఱి రెండేండ్లు పట్టెను.

కాబట్టి పలుగు వేయుటకు ముందు ఏమి చేయవలెను? మొదట నేలను అడుగవలెను. స్థలమునకు ఎదురెదురు మూలల రెండు గుంటలు, నాలుగేసి అడుగుల లోతున తీయించి చూడుడు. పైన నల్లమట్టి ఎంత మందమున్నది? దాని క్రింద సున్నపు గుల్లలు కలిసిన పొర ఎచట మొదలగుచున్నది? గరపయో, ఇసుకయో తగులుచున్నదా? ఒకప్పుడు ఎవరైన పూడ్చిన పాత గొయ్యి జాడలున్నవా? చూచిన పిమ్మట ఆ గుంటలను కప్పియుంచుడు. పిల్లలును పశువులును తిరుగు చోటు సుమా!

ఆ మట్టి ఎంత ఉబ్బునో తెలిసికొనుటకు ఇంటిలో చేసికొనదగిన పరీక్ష యొకటి కలదు. ప్రయోగశాలలలో కొలతగాజు గొట్టములతో చేయు భారతీయ ప్రమాణ పరీక్షకు ఇది పల్లెటూరి రూపము. ఎండిన మట్టిని మెత్తగా నూఱి సన్నని జల్లెడ పట్టి, ఒకే తీరుగా నున్న రెండు గాజుగ్లాసులలో రెండేసి చెంచాలు వేయుడు. ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు పోసి కలిపి, ఒక పగలును రాత్రియు కదలింపక యుంచుడు. కిరసనాయిలునందు ఈ మట్టి ఉబ్బదు; నీటియందు ఉబ్బును. మఱునాడు రెండు గ్లాసులలోని మట్టి ఎత్తులను కొలిచి పోల్చిన చాలు. నీటిలోని మట్టి రెండవదానికంటె కొంచెమే ఎక్కువైనచో అదృష్టవంతులు. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు అయినచో జాగ్రత్తపడుడు. ఇంటి పునాది మాట వచ్చినప్పుడు ఇంజనీరును సంప్రదింపక తప్పదు. అట్టి నేలలకై రూర్కీ పట్టణమందలి కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున గుబ్బవలె వెడల్పు చేయు కాంక్రీటు స్తంభముల పద్ధతిని రూపొందించిరి. తేమ మార్పులు అంతగా సోకని లోతునకు, సాధారణముగ మూడున్నర మీటర్ల వఱకు, వాటిని దింపుదురు. అది నేటి నా విషయము కాదు. మనము ఇంటి వెలుపలకు వత్తము.

రెండవది కాలము. రేగడిని దున్నుటకు పదును కావలెనని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తడియెక్కువైన నాగలికి అంటుకొనును, ఆరిపోయిన రాయియగును. త్రవ్వకమునకును అంతే. వానలు వెనుకబట్టి నేల ఇంకను పూర్తిగ ఎండని కాలము, అనగా సంక్రాంతి మొదలు ఉగాది వఱకు, ఈ పనికి మేలైనది. నడివేసవిలో త్రవ్విన నేల నెఱ్ఱెలతో నుండును. ఆ నెఱ్ఱెలపై కట్టినది తొలకరికి లేచును. వానాకాలమున త్రవ్విన కందకము నీటితొట్టియగును. తీసిన కందకమును ఎక్కువ దినములు తెఱచియుంచరాదు. త్రవ్వినవెంటనే పని ముగించి పూడ్చివేయవలెను.

మూడవది మట్టము. వాన వెలిసిన వెంటనే స్థలమునకు పోయి నీరు ఎటునుండి వచ్చుచున్నదో, ఎటు పోవుచున్నదో చూచి మేకులు పాతుడు. దానికి మించిన సర్వే లేదు. ఎండకాలమైనచో మేస్త్రీలు వాడు నీటిగొట్టము చాలును. పారదర్శకమైన సన్నగొట్టమున గాలిబుడగలు లేకుండ నీరు నింపి రెండు కొసలను రెండు మేకులవద్ద పట్టినచో, నీరు నిలిచిన చోట్లు రెండును ఒకే మట్టమున నుండును. ఇంటిని ఆనుకొని యున్న మొదటి రెండు గజములలో గజమునకు రెండు అంగుళముల చొప్పునను, ఆవల గజమునకు అంగుళము చొప్పునను వాలు వెలుపలికి ఉండవలెను. ఈ లెక్క జ్ఞాపకముంచుకొనుడు. చూరునీరు పునాది ప్రక్కన పడి అచటనే ఇంకుట కంటె ఇంటికి శత్రువు లేదు.

ఇక మట్టి తీయుట. ముందుగా ఆరు అంగుళముల పై మట్టిని గడ్డితోడను వేళ్ళతోడను తీసి వేఱుగ ఒక మూల కుప్ప వేయవలెను. మనవారు చేయు పెద్ద పొరపాటు ఇచటనే కలదు. యంత్రము వచ్చిన తొందరలో ఏండ్ల తరబడి పెంటయెరువు తిన్న పై మట్టిని అడుగునకు త్రోసి, అడుగునున్న సున్నపుగుల్లల మట్టిని పైకి తెత్తురు. తరువాత మొక్క నాటి, "ఏల బ్రతుకలేదు?" అని విచారింతురు. పై మట్టి మొక్కకు అన్నము, ఇంటికి కాదు. అందలి వేళ్ళు కుళ్ళి నేల కుంగును గనుక గచ్చు క్రింద అది పనికిరాదు. తోటమడులలో మాత్రము దానికి మించినది లేదు. దేనిచోటు దానిదే.

ఎత్తు చేయుటకు ఏ మట్టి తేవలెను? ఇసుక పోసిన మంచిదని లోకములో ఒక నమ్మకము. రేగడిమీద వట్టి ఇసుక పోయుట యనగా నీటికొక కుండ అమర్చుటయే. ఇసుకలోనుండి నీరు చల్లగా దిగి, క్రింది రేగడిపై నిలిచి, దానిని నానబెట్టుచుండును. ఉబ్బు గుణములేక, కొంచెము బంకతో కూడి గట్టిపడు ఎఱ్ఱ గ్రావెలు మట్టి ఇందులకు తగినది. ఇట్టి ఉబ్బని మట్టిని ఇంచుమించు ఒక మీటరు మందమున రేగడిపై పరచినచో క్రింది మట్టి ఉబ్బు అణగునని బొంబాయి ఐ.ఐ.టి.కి చెందిన ఆచార్య కట్టిగారు పరిశోధించి చూపిరి. మన పెరళ్ళకు అంత మందము వీలుపడకపోవచ్చును, అడుగైనను మేలే. నడకదారులు, మెట్లు వచ్చు చోటులలో పై రేగడికి నూటికి నాలుగైదు పాళ్ళ చొప్పున మన పిడుగురాళ్ళ సున్నమును, చల్లార్చిన పొడిగా, బాగుగ కలిపి తడిపి దిమ్మిస కొట్టినచో ఉబ్బు తగ్గును. సున్నము కన్నులలో పడకుండ జాగ్రత్త వహింపవలెను. తోటమడులలో మాత్రము దీనిని కలుపరాదు. మన రేగడి అసలే క్షారగుణము కలది.

లెక్కయొకటి చెప్పెదను. ఐదు సెంట్ల స్థలము 242 చదరపు గజములు, అనగా 2,178 చదరపుటడుగులు. ఇల్లు 1,000 అడుగులు పోగా 1,178 మిగులును. దానిని ఒక అడుగు ఎత్తు చేయవలెనన్నచో దిమ్మిస కొట్టిన పిమ్మట 1,178 ఘనపుటడుగులు నిలువవలెను. వదులుమట్టి అణగును గనుక నాలుగవవంతు అధికముగ, ఇంచుమించు 1,500 ఘనపుటడుగులు తోలించవలెను. ట్రాక్టరు తొట్టిని మీరే టేపుతో కొలుచుకొనుడు. పొడవు 10, వెడల్పు 6, ఎత్తు ఒకటిన్నర అడుగులైనచో 90 ఘనపుటడుగులు. పదునేడు ట్రక్కులు కావలెను. "ట్రక్కుకు ఇంత" అని బేరమాడి తొట్టి కొలువనివాడు మట్టితోపాటు గాలిని గూడ కొనుచున్నాడు. తోలిన మట్టిని ఒక్కసారిగ పోసి చదును చేయరాదు. జానెడు మందమున పరచి, చేతిలో ముద్దగట్టునంత తడిపి, దిమ్మిస కొట్టి, పిదప రెండవ జానెడు పోయవలెను. కాలిమడమ దిగని గట్టిదనము రావలెను. ఇట్లు చేయని గచ్చు మొదటి వానకే పల్లమగును.

ఇంటి చుట్టు రెండు గజముల వెడల్పున ఈ గట్టిమట్టిపై చప్టా వేసినచో గోడ అంచులకు ఎండయు వానయు నేరుగా సోకవు. పూలమడులు ఆ చప్టాకు ఆవల నుండవలెను. మడులను ఎట్లు చేయవలెనో మిరప రైతులకు నేను చెప్పుట తాతకు దగ్గులు నేర్పుటయే. నారుమడిని నేలమట్టమున పోయక జానెడు ఎత్తున ఏల పోయుచున్నారు? నీరు నిలిచిన నారుకుళ్ళు వచ్చునని కదా! పెరటిలోని కరివేపకు, బొప్పాయికి, మునగకు గూడ ఆ బుద్ధియే ఉపయోగింపవలెను. దాచిన పై మట్టిని, మాగిన పెంటయెరువును కలిపి అడుగు ఎత్తు మడులు కట్టి, నడుమ చాళ్ళు తీయుడు. ఇక వేప, రావి వంటి పెద్ద చెట్లను, అవి ఎదిగినప్పుడు ఎంత ఎత్తగునో అంత దూరమున గోడకు ఎడముగ నాటవలెను. ఆ వేపచెట్టు పాఠము నేను రుసుము చెల్లించి నేర్చినది.

ఇంకుడుగుంతను గూర్చి ఒక మాట. నీరు, భూమి, చెట్ల సంరక్షణకై 2002లో చేసిన చట్టము తరువాత దీని ప్రచారము పెరిగినది, మంచిదే. కాని తడిసిన రేగడి నీటిని ఇంకించుకొనదు. రేగడి మందముగనున్న చోట గోడ ప్రక్కనే గుంత తీసి చూరునీటిని అందులోనికి మళ్ళించుట ఇంటికి మనమే గొయ్యి త్రవ్వుట. స్థలమునకు దూరపు మూలయందు, గరపయో ఇసుకయో తగులువఱకు త్రవ్వి కట్టుకొనవలెను. లేదా చెఱువునకు పోవు కాలువకు నీటిని అప్పగింపవలెను.

ఇట్టి గుంతలు తీయునప్పుడు కూలివారి ప్రాణములను మఱవవద్దు. నెఱ్ఱెలున్న రేగడి గట్టు పైకి గోడవలె నిలిచినట్లే కనబడి ఒక్క పెళ్ళగ విఱిగిపడును. నిలువెత్తు గోతిలో పడిన మట్టిపెళ్ళ మనిషికి ఊపిరి తిరుగనీయదు. నాలుగడుగులు దాటిన గోతికి గట్లను ఏటవాలుగ కోయవలెను. తీసిన మట్టిని అంచున పోయక గజము దూరమున పోయవలెను. ఒంటరి మనిషిని గోతిలో దింపరాదు. నీటిగొట్టములు, విద్యుత్తు తీగలు ఎటు పోవుచున్నవో పంచాయతీలో అడిగి తెలిసికొనిన పిదపనే యంత్రమును పిలువవలెను.

ఇంతవఱకు చెప్పినది ఒక ఇంటి మాట. ఇక ఊరి మాట. మన వీధులలో ఒక వింత పోటీ నడచుచున్నది. ఒకరు తమ వాకిలిని అడుగు ఎత్తు చేయుదురు. ఎదురింటివారు అడుగున్నర చేయుదురు. పాత రోడ్డుమీదనే క్రొత్త సిమెంటురోడ్డు పోయుట వలన వీధియే లేచుచున్నది. ఎవరికివారు నీటిని వెలుపలికి పంపినామని సంతసింతురు. ఆ నీరు ఆకాశమునకు పోదు కదా! ఇల్లు ఎత్తు చేసికొనుటకు చేతిలో డబ్బులేని వాని గడపలోనికి పోవును. వీధి చివరనున్న పాత పెంకుటింటి వితంతువు ప్రతి కార్తికమునను గుమ్మమునకు మట్టికట్ట వేసికొని కూర్చుండుట మనలో ఎందరము చూడలేదు? ఆమె ఇల్లు పల్లములో కట్టుకొనలేదు. మనము ఆమె చుట్టును మెఱక చేసితిమి. నూఱు ట్రక్కుల మట్టి తోలించి పొరుగువాని గోడను నానబెట్టినవాడు మట్టిపని తెలిసినవాడు కాడు. కావున ఎత్తు చేయుటకు ముందు పొరుగువారిని పిలిచి, నీరు పోవు దారిని ఇద్దఱును కలిసి నిర్ణయింపుడు. వీధికాలువ మట్టము తెలియనిదే ఇంటి మట్టము పెట్టకుడు.

త్రవ్వువారికి మఱియొక బాధ్యత గూడ కలదు. మన ప్రాంతమున పాటిదిబ్బలు పెక్కు గలవు. పాటిమన్ను పొలమునకు బలమని మన పెద్దలు బండ్లతో తోలిరి. నేడు స్థలములు మెఱక చేయుటకు ట్రాక్టర్లతో తోలుచున్నారు. అది ఒకప్పటి ఊరి మన్ను. అమరావతిలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ క్రొత్త పట్టణమును నిర్మించుకాలమున అచటి దిబ్బను ఇటుకకును రాతికిని త్రవ్వింపగా చెక్కుడురాళ్ళు బయల్పడెను. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచినది అట్లు బయటపడిన మహాస్తూపమునే. దానిలో కొంత ఇండ్లకును కట్టడములకును పోయెను. మిగిలినదానిలో పెద్దభాగమును చూడవలెనన్న నేడు చెన్నపట్టణమునకో, లండనునకో పోవలెను. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు పందొమ్మిదవ శతాబ్దమున రోడ్డుపనికి పోయినవి. అంత నాశనము జరిగిన పిమ్మట గూడ 1892లో అలెగ్జాండర్ రీ అచట త్రవ్వి, ప్రాచీన బ్రాహ్మీలిపి చెక్కిన ధాతుపేటికలను వెలికితీసెను. ఒక పలుగుదెబ్బ ముందు ఎవరైన ఆగి చూచియున్నచో మనకు ఇంకెంత దక్కియుండెడిదో! కాన మీ పునాదిలో పెద్ద పాత ఇటుకలు, పూసలు, నాణెములు, వ్రాత గల రాళ్ళు కనబడినచో పని ఆపి అధికారులకు తెలుపుడు. గుట్టలనుండియు చెఱువులనుండియు మట్టి తోలుటకును ముందు అనుమతి పొందవలెను.

ఇప్పుడు కార్యదర్శిగారి ప్రశ్నకు వత్తును. గ్రంథాలయము ముంగిట తోట వేయుడు. మొదట వానలో నిలిచి నీటి దారి చూడుడు. పడమటి ప్రహరీ ప్రక్క కాలువ విడువుడు. గోడకు రెండు గజములు చప్టా వేసి, దానికి ఆవల ఎత్తుమడులు కట్టుడు. పిల్లలు కూర్చుండు చోట గ్రావెలు దిమ్మిస కొట్టించి, పైన నాపరాళ్ళను సిమెంటుతో బిగింపక విడివిడిగ పరువుడు. నేల కదలినప్పుడు అవియు కొంచెము కదలును, పగులవు. మఱుసటి యేడు తిరిగి సరిచేసికొనవచ్చును. నీడకు ఒక్క వేపచెట్టు చాలును. దానిని దూరపు మూల నాటుడు.

తోటకంటెను ముఖ్యమైన కోరిక యొకటి కలదు. నాకు పాఠము చెప్పిన ఆ ముసలి పనివానికి ఈ ఊరిలో ఏ వీధిలో ఎన్ని అడుగులకు గరప తగులునో, ఏ స్థలము పూడ్చిన కుంటయో, ఏ మూల నూయి యుండెడిదో నోటికి వచ్చును. వడ్డెర, ఉప్పర సోదరుల కుటుంబములలో తరతరములుగ ఈ విద్య అట్లే నడచెను. ఆయన గతించెను. ఆయన తెలిసిన నేల ఆయనతోనే పోయెను. పనిలోనికి యంత్రము వచ్చినది. యంత్రమునకు జ్ఞాపకము లేదు.

గ్రంథాలయ మనగా ఇతరులు వ్రాసిన పుస్తకములను దాచుచోటు మాత్రమే కాదు. మన మెఱిగినదానిని మనమే వ్రాసి దాచుకొను చోటు గూడ. కనుక ఈ రజతోత్సవ జ్ఞాపకముగ ఒక పుస్తకము నుంచుడు. దానికి మట్టిపుస్తకమని పేరు పెట్టుడు. ఊరిలో ఎవరు పునాది తీసినను, గుంత త్రవ్వినను, బోరు వేసినను వచ్చి అందులో నాలుగు పంక్తులు వ్రాయవలెను: ఏ వీధి, ఏ నెల, ఎన్ని అడుగులు, ఏ లోతున ఏ మట్టి, నీరు తగిలినదా, గ్లాసు పరీక్షలో మట్టి ఎంత ఉబ్బినది. ఈ గ్రంథాలయపు మెట్టుపై ఒక గుర్తు చెక్కించి, అన్ని వీధుల మట్టములను దానితో పోల్చి వ్రాయించుడు. వ్రాయలేని పనివారు వచ్చి చెప్పినచో మన పిల్లలు వ్రాయుదురు. కాగితమును కలమును తప్ప దీనికి ఖర్చులేదు. పదేండ్లు గడచునప్పటికి, ఈ ఊరిలో ఇల్లు కట్టుకొనబోవు ప్రతివాడును ముందుగా ఈ గ్రంథాలయపు గడప త్రొక్కును. ఒక బీదవాడు అప్పుచేసి కట్టుకొన్న గోడ ఆ పుస్తకము మూలమున బీటవాఱక నిలిచినచో, ఈ గ్రంథాలయము తన జన్మ సార్థకము చేసికొన్నట్లే.

మొదటి పుట నేను వ్రాసెదను. నా తూర్పుగోడ కథయే అందు మొదటిది.